క్రెడిట్ కార్డు ఎంచుకోవడం, వడ్డీ పడకుండా వాడుకోవడం ఎలా?

మన దగ్గర అప్పు మాట వస్తే వడ్డీని నూటికి ఇన్ని రూపాయలని చెప్పుకుంటాం. తెలిసినవాళ్ల దగ్గరైతే రూపాయిన్నర, రెండు. మూడు రూపాయలంటే గట్టి వడ్డీ. ఎవరైనా అయిదు రూపాయలకు తెచ్చాడని తెలిస్తే "అంత అవసరం ఏమొచ్చిందిరా" అని ఇంట్లో పెద్దవాళ్లు నిలదీస్తారు. ఇప్పుడు ఏదైనా బ్యాంకు క్రెడిట్ కార్డు నిబంధనలు తెరిచి చూడండి. ఎక్కువ కార్డులకు వడ్డీ నెలకు 3.5 నుంచి 3.75 శాతం. మన లెక్కలో పావు తక్కువ నాలుగు రూపాయలు. ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. రెండూ కలిస్తే నూటికి 4 రూపాయల 40 పైసలు దాటుతుంది. ఇంత శాతానికి మించకూడదన్న హద్దు కూడా ఏమీ లేదు. ఏడాదికి 30 శాతం దాటి తీసుకోవడం అన్యాయమని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ అన్నది గానీ, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది.

అదే కార్డు, గడువులోపు బిల్లు మొత్తం కట్టేవాళ్లకు దాదాపు యాభై రోజుల దాకా పైసా వడ్డీ లేకుండా డబ్బు సర్దుతుంది, పైగా ఎంతో కొంత వెనక్కిస్తుంది. ఒకే కార్డు ఇద్దరి దగ్గర ఇలా రెండు రకాలుగా పనిచేయడానికి కారణం బ్యాంకు పేరు కాదు, కార్డు మీద గోల్డ్ అనో ప్లాటినమ్ అనో ఉన్న అక్షరాలు కాదు. నెలలో ఒక్క తేదీన ఎంత కట్టారన్నదే. అందుకే ఏ కార్డు మంచిదన్న చర్చ కన్నా ఆ తేదీ చుట్టూ ఏం చేయాలన్నదే ఇక్కడ ఎక్కువగా చెప్తాను.

1. ముందు మీకు కార్డు అవసరమో కాదో చూసుకోండి

గత మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, యూపీఐ యాప్‌లోని హిస్టరీ ముందు పెట్టుకోండి. ఇంటద్దె, ఈఎంఐలు, చిట్టీ, పిల్లల ఫీజు, ఇంటికి పంపే డబ్బు అన్నీ పోయాక నెలాఖరుకు అకౌంట్‌లో ఏమైనా మిగులుతోందా? మిగులుతుంటే కార్డు మీకు పనికొస్తుంది. 25వ తారీఖు వచ్చేసరికి స్నేహితుడి దగ్గర చేబదులు తీసుకునే పరిస్థితి ఉంటే మాత్రం ఇప్పుడు వద్దు. ఆ లోటు కార్డులోకి మారుతుంది, అంతే. స్నేహితుడు వడ్డీ అడగడు, బ్యాంకు అడుగుతుంది.

మిగులు ఉన్నవాళ్లకు కార్డు వల్ల అసలు లాభం క్యాష్‌బ్యాక్ కాదని నా అభిప్రాయం. రెండు విషయాలున్నాయి. ఒకటి, రేపు ఇంటి లోన్‌కు వెళ్లినప్పుడు మీరు అప్పు సక్రమంగా తీర్చేవాళ్లని చూపించే రికార్డు తయారవుతుంది. రెండోది, డెబిట్ కార్డు నుంచి దొంగ లావాదేవీ జరిగితే పోయేది మీ అకౌంట్‌లోని డబ్బు. తిరిగి వచ్చేదాకా అద్దెకు కూడా ఇబ్బందే. క్రెడిట్ కార్డులో అదే జరిగితే బిల్లు మీద గొడవ పడతారు, జీతం డబ్బు జోలికి ఎవరూ రారు.

2. మీ ఖర్చుకు సరిపోయే కార్డు వెతకండి

అదే మూడు నెలల ఖర్చును ఒక కాగితం మీద విడగొట్టండి: ఆన్‌లైన్ షాపింగ్ ఎంత, పెట్రోలు ఎంత, కిరాణా ఎంత, కరెంటు, మొబైల్ బిల్లులు ఎంత, ప్రయాణాలు ఎంత. పెద్ద అంకె ఎక్కడుందో అక్కడ ఎక్కువ వెనక్కిచ్చే కార్డు మీది. ఒకే సైట్‌లో ఎక్కువ కొనేవాళ్లకు ఆ సైట్ ఏదో బ్యాంకుతో కలిసి ఇచ్చే కార్డు, బండి మీద రోజంతా తిరిగేవాళ్లకు పెట్రోలు కంపెనీతో కలిసి ఇచ్చే కార్డు. ఏ ఖర్చూ ప్రత్యేకంగా ఎక్కువ లేకపోతే అన్నింటి మీదా ఒకే శాతం క్యాష్‌బ్యాక్ ఇచ్చే మామూలు కార్డు చాలు. మొదటిసారి తీసుకునేవాళ్లకు ఒక్క కార్డే. రెండోది ఏడాది తర్వాత ఆలోచించండి.

వార్షిక ఫీజు లెక్క చాలామంది వేయరు. ఫీజు 500 అంటే జీఎస్టీతో 590. కార్డు ఒక శాతం వెనక్కిస్తుంటే, ఆ 590 రాబట్టుకోవడానికే ఏడాదిలో 59,000 ఖర్చు పెట్టాలి. ఆ పైన పెట్టినదాని మీద వచ్చేదే లాభం. "ఇంత ఖర్చు పెడితే ఫీజు మాఫీ" అనే షరతు ఉంటే, మీ మామూలు ఖర్చు ఆ అంకెను ఎలాగూ దాటుతుందా లేదా చూడండి. మాఫీ కోసం మార్చి నెలలో అవసరం లేని ఫ్రిజ్ కొనేవాళ్లున్నారు.

రివార్డు పాయింట్లను రూపాయల్లోకి మార్చి చూడండి. నూరు రూపాయలకు రెండు పాయింట్లు అంటే రెండు శాతం అనుకుంటాం. పాయింటు విలువ పావలా అయితే వచ్చేది అర్ధ రూపాయి. పైగా చాలా కార్డుల్లో పెట్రోలు, ఇంటద్దె, వాలెట్‌లో వేసే డబ్బు, బంగారం, ఇన్సూరెన్స్ ప్రీమియం రివార్డుల్లోకి రావు. ఈ మినహాయింపుల జాబితా బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉంటుంది గానీ ప్రకటనలో ఉండదు. నెలకు ఇంతకు మించి క్యాష్‌బ్యాక్ ఇవ్వం అనే పరిమితి కూడా ఉంటుంది, దాన్నీ చూడండి.

ఎయిర్‌పోర్టు లాంజ్ చూసి కార్డు తీసుకోవద్దు. ఏడాదికి ఎన్నిసార్లు శంషాబాద్‌లోనో గన్నవరంలోనో విమానం ఎక్కుతారు? ఇప్పుడు చాలా కార్డులు అంతకుముందు మూడు నెలల్లో కొంత మొత్తం ఖర్చు పెట్టినవాళ్లకే లాంజ్ ఇస్తున్నాయి. ఆ ఇడ్లీ, కాఫీ కోసం వేలు ఖర్చు చేయక్కర్లేదు.

చిన్న పట్నాల్లో ఉండేవాళ్లకు రూపే కార్డు బాగా పనికొస్తుంది. 2022 సెప్టెంబరు నుంచి రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలుపుకోవచ్చు. స్వైపింగ్ మెషీన్ లేని కిరాణా కొట్లో, టిఫిన్ సెంటర్లో కూడా క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి కార్డు నుంచి కట్టొచ్చు. దుకాణదారులకు మాత్రమే, స్నేహితుల నంబరుకు పంపడం కుదరదు. 2024 సెప్టెంబరు నుంచి వీసా, మాస్టర్‌కార్డ్, రూపే లాంటి నెట్‌వర్క్‌లలో ఏది కావాలో అడిగే అవకాశం పెద్ద బ్యాంకులు మనకివ్వాలన్నది రిజర్వు బ్యాంకు నియమం. కాబట్టి నోరు తెరిచి అడగండి. అయితే ఇందులో ఒక చిక్కుంది. పది రూపాయల టీ కూడా అప్పు ఖాతాలోకి వెళ్తుంటే నెలలో ఎంతైందో తెలియదు. యూపీఐకి కలిపిన కార్డులో ఎంతైందో వారానికోసారి చూసుకోండి.

పిల్లలు అమెరికాలో చదువుకుంటూ మీ కార్డు వాడుతుంటే, లేదా మీరే విదేశీ సైట్లలో కొంటుంటే ఫారెక్స్ మార్కప్, అంటే విదేశీ కరెన్సీ ఖర్చు మీద బ్యాంకు వేసే అదనపు చార్జీ చూడండి. చాలా కార్డులకు 3.5 శాతం, జీఎస్టీతో 4.13 శాతం. లక్ష రూపాయల ఖర్చుకు 4,130 ఊరికే పోతాయి. విదేశాల్లో బిల్లు కట్టేటప్పుడు మెషీన్ "రూపాయల్లో కడతారా, డాలర్లలో కడతారా" అని అడిగితే అక్కడి కరెన్సీనే నొక్కండి. రూపాయల్లో అంటే ఆ దుకాణం వైపు నుంచి మార్పిడి రేటు ఇంకాస్త పెరుగుతుంది.

జీతం స్లిప్ లేనివాళ్లు, అంటే గృహిణులు, రైతులు, చిన్న వ్యాపారాలు చేసేవాళ్లు, చదువుకుంటున్నవాళ్లు తమకు కార్డు రాదనుకుంటారు. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డులున్నాయి. 20,000, 25,000 డిపాజిట్ వేసినా చాలా చోట్ల ఇస్తారు, అందులో చాలా భాగం లిమిట్‌గా వస్తుంది, డిపాజిట్ మీద వడ్డీ మీకు వస్తూనే ఉంటుంది. క్రెడిట్ స్కోరు, అంటే అప్పులు ఎలా తీర్చారో చూసి వేసే మార్కు, ఇంకా లేని మనిషి మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచి దారి నాకు కనబడలేదు.

3. అప్లై చేసేటప్పుడు

మాల్‌లో, పెట్రోలు బంకులో, మెట్రో స్టేషన్లో "సార్, లైఫ్‌టైమ్ ఫ్రీ సార్" అని చేయి పట్టుకున్నంత పని చేస్తారు. వాళ్ల మీద కోపం అక్కర్లేదు, వాళ్లకు టార్గెట్లుంటాయి. కానీ అక్కడికక్కడ ఆధార్, పాన్ ఇచ్చేయకండి. ఒక్క ప్రశ్న అడగండి: ఫ్రీ అంటున్నది మొదటి ఏడాదికా, ఎప్పటికీనా? జవాబు నోటితో కాదు, కాగితం మీద చూపించమనండి. అప్లికేషన్‌తో పాటు వడ్డీ, ఫీజులు రాసిన ఒక పేజీ వివరాలు ఇవ్వాలన్నది 2022 నాటి ఆర్‌బీఐ ఆదేశాల్లో ఉంది. ఆ పేజీ చూపించలేనివాళ్ల దగ్గర తీసుకోకండి.

ఇప్పటికే జీతం పడే బ్యాంకు యాప్‌లోంచి అప్లై చేయడం అన్నిటికన్నా తేలిక. ముందు మీ క్రెడిట్ రిపోర్టు చూసుకోండి. ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ అని ఈ రిపోర్టులు ఇచ్చే నాలుగు సంస్థలున్నాయి. ఏడాదికోసారి ఒక్కొక్కటీ పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. ఒకే వారంలో నాలుగు బ్యాంకులకు అప్లై చేస్తే మాత్రం, నాలుగూ మీ రిపోర్టు తీసి చూస్తాయి, ఈ మనిషికి డబ్బు అవసరం బాగా ఉన్నట్టుందని రాబోయే బ్యాంకు అనుకుంటుంది. ఒక చోట తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా చెప్పాలి. ఆ కారణం సరిచేసుకున్నాకే రెండో చోటికి వెళ్లండి.

ఫారంలో కార్డ్ ప్రొటెక్షన్ ప్లాన్, ఇన్సూరెన్స్ లాంటి వాటికి ముందే టిక్ పెట్టి ఉందేమో చూసి తీసేయండి. అడగకుండానే కార్డు ఇంటికి వస్తే కంగారు లేదు. ఓటీపీ ఇవ్వకండి, వాడకండి. ముప్పై రోజులు దాటినా యాక్టివేట్ కాని కార్డుకు బ్యాంకు ఓటీపీతో మీ అంగీకారం అడగాలి. మీరు ఒప్పుకోకపోతే ఏడు పనిదినాల్లో ఫీజు లేకుండా మూసేయాలి.

4. కార్డు చేతికొచ్చిన రోజే చేయాల్సినవి

యాప్ తెరవండి. కొత్త కార్డులో ఆన్‌లైన్, విదేశీ లావాదేవీలు ఆఫ్‌లోనే వస్తాయి. ఆన్‌లైన్ మాత్రం ఆన్ చేసి, రోజుకు ఇంత అని పరిమితి పెట్టుకోండి. విదేశీ లావాదేవీలు ప్రయాణం ఉన్నప్పుడే. మెషీన్ మీద ఆనిస్తే చాలనే కాంటాక్ట్‌లెస్ పద్ధతిలో 5,000 దాకా పిన్ అడగదు. జేబులో కార్డు పడేసుకునే అలవాటుంటే దాన్ని ఆఫ్ చేయండి.

తర్వాత ఆటోపే, అంటే బిల్లు మీ అకౌంట్ నుంచి దానంతటదే కట్టేలా పెట్టుకోవడం. ఇక్కడే చాలామంది చిక్కుకుంటారు. ఆటోపే ఫారంలో రెండు ఎంపికలుంటాయి: మొత్తం బాకీ, కనీస బాకీ. మొత్తం బాకీనే ఎంచుకోండి. కనీస బాకీ ఎంచుకుని "ఆటోపే పెట్టాంగా" అని నిశ్చింతగా ఉన్నవాళ్లకు, ఎప్పుడో స్టేట్‌మెంట్ తెరిచినప్పుడు నెలనెలా పడిన వడ్డీ కనబడుతుంది.

బిల్లు తేదీ మీ జీతానికి దగ్గరగా మార్చుకోండి. కనీసం ఒక్కసారైనా బిల్లింగ్ తేదీ మార్చుకునే అవకాశం బ్యాంకు ఇవ్వాలి. ఒకటో తారీఖున జీతం పడితే, బిల్లు 15, 16 తేదీల్లో వచ్చేలా పెట్టుకోండి. చాలా బ్యాంకులు బిల్లు తర్వాత ఇరవై రోజుల దాకా గడువిస్తాయి కాబట్టి, కట్టాల్సిన తేదీ అయిదో తారీఖు ప్రాంతంలో వస్తుంది. జీతం ఇంకా అకౌంట్‌లోనే ఉంటుంది.

బ్యాంకు రెండు లక్షల లిమిట్ ఇచ్చిందని అది మీ స్తోమత కాదు. మీ నెల మిగులును బట్టి మీ లిమిట్ మీరే యాప్‌లో పెట్టుకోండి. వాడకం బ్యాంకు ఇచ్చిన లిమిట్‌లో ముప్పై శాతం లోపు ఉంటే స్కోరుకు మంచిది. మీ అంగీకారం లేకుండా బ్యాంకు లిమిట్ పెంచకూడదు. పెంచుతామని ఫోన్ వస్తే ఒప్పుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం.

5. బిల్లు తేదీ, గడువు తేదీ: ఈ రెండూ అర్థమైతే సగం పని అయినట్టే

ఉదాహరణకు మీ బిల్లు ప్రతి నెలా 10న వస్తుంది, గడువు 30. జూన్ 9న మీరు మిక్సీ కొన్నారనుకోండి. అది జూన్ 10 బిల్లులోకి వెళ్లి, జూన్ 30లోపు కట్టాలి. వడ్డీ లేని రోజులు 21. అదే మిక్సీ జూన్ 11న కొంటే జూలై 10 బిల్లులోకి వెళ్తుంది, జూలై 30 దాకా గడువు. 49 రోజులు. రెండు రోజులు ఆగితే నెల రోజులు ఎక్కువ వచ్చాయి. పెద్ద వస్తువు కొనేటప్పుడు బిల్లు వచ్చిన మర్నాడు కొనడం మంచిదనేది ఇందుకే.

బిల్లు రాగానే చూడాల్సినవి: మొత్తం బాకీ, గడువు తేదీ, మీకు గుర్తులేని దుకాణం పేరు ఏదైనా ఉందా, ఫీజు లేదా జీఎస్టీ వరుస ఏదైనా కొత్తగా కనబడిందా. బాగా వాడుకునేవాళ్ల బిల్లులో వడ్డీ వరుసలో సున్నా ఉండాలి. సున్నా కాకుండా ఏమున్నా ఆ రోజే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయండి.

కట్టేది గడువుకు రెండు మూడు రోజుల ముందే కట్టండి. వేరే యాప్‌లోంచి కడితే బ్యాంకులో జమ కావడానికి ఒక్కోసారి ఒకటి రెండు రోజులు పడుతుంది. గడువు దాటి మూడు రోజుల లోపయితే లేటు ఫీజు వేయకూడదు, బాకీ పడ్డారని సిబిల్‌కు చెప్పకూడదు అని ఆర్‌బీఐ అన్నది. అది పొరపాటున మర్చిపోయినవాళ్ల కోసం. మూడు రోజులు అదనంగా ఉన్నాయని ప్లాన్ చేసుకోకండి, నాలుగో రోజుకు లేటు ఫీజును అసలు గడువు తేదీ నుంచే లెక్కిస్తారు.

6. మినిమమ్ డ్యూ అనే గుంట

స్టేట్‌మెంట్‌లో మొత్తం బాకీ 30,000, దాని పక్కనే కనీస బాకీ (మినిమమ్ డ్యూ) 1,500 అని ఉంటుంది. 1,500 కడితే లేటు ఫీజు ఉండదు, సిబిల్‌లో మచ్చ పడదు. అంతవరకే దాని ఉపయోగం. మిగతాదాని మీద వడ్డీ ఎప్పటినుంచి మొదలవుతుందో తెలుసా? గడువు తేదీ నుంచి కాదు, మీరు కొన్న రోజు నుంచి.

పై ఉదాహరణే తీసుకుందాం. జూన్ 15న 30,000 పెట్టి ఫోన్ కొన్నారు. జూలై 10న బిల్లు వచ్చింది. జూలై 30న 1,500 కట్టారు. మిగిలిన 28,500 మీద జూన్ 15 నుంచి ఆగస్టు 10 బిల్లు దాకా 56 రోజులకు, ఏడాదికి 45 శాతం చొప్పున వడ్డీ సుమారు 1,970. జీఎస్టీ సుమారు 355. ఆగస్టు బిల్లులో బాకీ 30,800 పైనే. 1,500 కట్టాక కూడా మొదట ఉన్నదానికన్నా బాకీ పెరిగింది.

ఇంకో దెబ్బ ఉంది. పాత బాకీలో కొంతైనా మిగిలి ఉన్నంతకాలం, కొత్తగా కొనేవాటికి వడ్డీ లేని రోజులు ఉండవు. ఆగస్టులో కొన్న కందిపప్పు మీద కూడా కొన్న రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. మొత్తం తీర్చేదాకా ఇంతే. అందుకని ఎప్పుడైనా పూర్తిగా కట్టలేని నెల వస్తే చేయాల్సిన మొదటి పని ఆ కార్డును బీరువాలో పెట్టేయడం. రెండోది, మినిమమ్ దగ్గర ఆగకుండా ఎంత వీలైతే అంత కట్టడం. 28,000 కట్టగలిగితే వడ్డీ మిగిలిన 2,000 మీదే పడుతుంది.

7. నో కాస్ట్ ఈఎంఐ

24,000 ఫోన్, ఆరు నెలలు, నెలకు 4,000. వడ్డీ లేదంటారు. నిజానికి బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంత మొత్తాన్ని అమ్మేవాళ్లు డిస్కౌంట్‌గా తగ్గిస్తారు. 16 శాతం వడ్డీ అనుకుంటే ఆరు నెలలకు 1,081 దాకా అవుతుంది. ఆ వడ్డీ మీద 195 జీఎస్టీ మీరే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు 199 ఉంటే జీఎస్టీతో 235. మొత్తం 430 రూపాయలు. మరీ పెద్ద మొత్తం కాదు, నగదు అందుబాటులో లేకపోతే తప్పులేదు. కానీ ఒకేసారి కడితే ఇచ్చే డిస్కౌంట్ ఎంతో ముందు అడగండి. దాన్ని వదులుకుంటుంటే అది కూడా మీ ఖర్చే.

కొన్నాక "మీ 12,000 ఖర్చును ఈఎంఐగా మార్చుకోండి" అని వచ్చే మెసేజ్ వేరు. దానికి వడ్డీ నేరుగా పడుతుంది. రెండు మూడు ఈఎంఐలు ఒకేసారి నడుస్తుంటే నెల జీతంలో ఎంత ముందే పోయిందో లెక్క తప్పుతుంది. ఒకటి అయిపోయాకే ఇంకోటి.

8. కార్డుతో చేయకూడనివి

ఏటీఎంలో క్రెడిట్ కార్డుతో నగదు తీయకండి. చాలా బ్యాంకులు 2.5 శాతం, కనీసం 500 రూపాయలు ఫీజు తీసుకుంటాయి. రెండు వేలు తీసినా 500 ఫీజే. పైగా వడ్డీ ఆ రోజు నుంచే.

దానికి బదులుగా మన ఊళ్లలో నడిచేది కార్డు గీకి క్యాష్ తీసుకోవడం. ఏదో షాపులో కొన్నట్టు గీకి, నూటికి రెండు మూడు రూపాయలు పట్టుకుని మిగతాది చేతిలో పెడతారు. ఏటీఎం కన్నా చవక కదా అనిపిస్తుంది. బ్యాంకు నిబంధనలకు ఇది విరుద్ధం, పసిగడితే కార్డు ఆపేస్తారు. అసలు ప్రమాదం రెండో నెలలో మొదలవుతుంది. ఒక కార్డు బిల్లు కట్టడానికి ఇంకో కార్డు గీకుతారు. దీన్ని రొటేషన్ అని గొప్పగా చెప్పుకునేవాళ్లున్నారు. లక్ష రూపాయలను నెలకు రెండు శాతం చొప్పున ఏడాది తిప్పితే 24,000 కమీషన్ పోయింది, లక్ష బాకీ లక్షగానే ఉంది. కమీషన్ కూడా కార్డులోనే గీకితే అదీ పెరుగుతుంది. ఏదో ఒక నెల ఒక కార్డు లిమిట్ తగ్గించారంటే మొత్తం కుప్పకూలుతుంది. టెన్షన్‌తో నిద్ర పట్టని స్థితికి వచ్చినవాళ్లలో చాలామంది ఇలా మొదలుపెట్టినవాళ్లే.

బావమరిదికో ఆఫీసు స్నేహితుడికో కార్డు ఇవ్వడం మొహమాటం వ్యవహారం. "అన్నా, ఒక్క ఫోన్ కొనుక్కుంటా, నెలనెలా ఇచ్చేస్తా" అంటారు. ఇవ్వకపోతే బంధుత్వం పోతుందేమో అనుకుంటాం. ఈఎంఐ మీ పేరు మీద, సిబిల్ మీది, వాళ్లు కట్టకపోతే అడగలేక నలిగేదీ మీరే. ఇంకో సంగతి, ఏడాదిలో కార్డు బిల్లులు నగదుగా లక్ష గానీ, మిగతా మార్గాల్లో పది లక్షలు గానీ కట్టారంటే బ్యాంకు ఆ వివరం ఆదాయపన్ను శాఖకు పంపుతుంది. అందరి ఖర్చూ మీ కార్డులో పెట్టుకుంటే, మీ జీతానికీ ఆ ఖర్చుకూ పొంతన ఏమిటన్న ప్రశ్నకు మీరే జవాబు చెప్పుకోవాలి. ఇవ్వక తప్పదనుకుంటే కార్డు కాకుండా చేతిలో డబ్బు ఇవ్వండి, ఎంత పోయినా తట్టుకోగలరో అంతే.

9. ఇప్పటికే బాకీలో ఉంటే

ముందు కార్డులన్నీ వాడటం ఆపండి. తర్వాత తక్కువ వడ్డీకి మార్చుకునే దారి చూడండి. బాకీ మొత్తాన్ని ఈఎంఐలుగా మార్చమని బ్యాంకును అడగొచ్చు. పర్సనల్ లోన్ వడ్డీ కూడా కార్డు వడ్డీలో సగం లోపే ఉంటుంది. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో తాకట్టు పెట్టి కార్డు బాకీ తీర్చడం వడ్డీ పరంగా అన్నిటికన్నా లాభం. నగ తాకట్టు పెట్టడం నామోషీ అనుకుని 45 శాతం వడ్డీ మోసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఒకే షరతు, తీరిన కార్డును మళ్లీ గీకకూడదు. గీకితే బంగారమూ బ్యాంకులో, బాకీ కార్డులో.

"సగం కట్టండి, సెటిల్ చేస్తాం" అని ఫోన్ వస్తే తొందరపడకండి. రిపోర్టులో సెటిల్డ్ అని పడితే కొన్నేళ్లపాటు లోన్లు దొరకడం కష్టమవుతుంది. వేరే దారి లేనప్పుడే ఆ ఒప్పందం, అదీ బ్యాంకు నుంచి లెటర్ తీసుకున్నాకే డబ్బు కట్టాలి. వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు, బెదిరించకూడదు, బంధువులకు చెప్పి పరువు తీయకూడదు. చేస్తే కాల్ రికార్డు చేసి బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు.

10. మీది కాని లావాదేవీ కనబడితే

యాప్‌లో కార్డు బ్లాక్ చేయండి, బ్యాంకుకు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఈ మూడూ అదే గంటలో. 2017 నాటి ఆర్‌బీఐ నియమం ప్రకారం మీ తప్పు, బ్యాంకు తప్పు లేకుండా బయటివాళ్ల వల్ల జరిగిన మోసాన్ని మూడు పనిదినాల్లో చెబితే మీ మీద భారం ఉండదు. ఓటీపీ మీరే చెప్పి ఉంటే, ఫిర్యాదు చేసేదాకా పోయిందంతా మీ ఖాతాలోదే. ఫిర్యాదు చేశాక పోయింది బ్యాంకు భరించాలి. సిగ్గుపడి రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా ఉండేవాళ్లు నష్టపోయేది అందుకే.

"రివార్డు పాయింట్లు ఈ రోజుతో అయిపోతాయి", "లిమిట్ పెంచుతాం" అంటూ లింకులు, వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు (నొక్కితే ఫోన్లో యాప్ ఎక్కించే ఫైళ్లు) వస్తుంటాయి. బ్యాంకు యాప్ ఏదైనా ప్లే స్టోర్‌లోంచే దించుకోవాలి. కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతకకండి, కార్డు వెనక ఉంటుంది.

11. కార్డు మూసేయాలనుకుంటే

ముందు మిగిలిన రివార్డు పాయింట్లు వాడేయండి. ఆ కార్డు మీద నెలనెలా కట్ అయ్యే సినిమా యాప్, ఇన్సూరెన్స్ లాంటి ఆటో చెల్లింపులు రద్దు చేయండి. బాకీ సున్నా చేసి, యాప్‌లోనో ఈమెయిల్‌లోనో మూసివేత కోరండి. ఫోన్లో "ఫీజు మాఫీ చేస్తాం, ఉంచుకోండి సార్" అని బతిమాలతారు, మాఫీ మెసేజ్ రూపంలో వస్తే ఆలోచించండి. బాకీలన్నీ తీరాక ఏడు పనిదినాల్లో మూయకపోతే, ఆలస్యమైన ప్రతి రోజుకూ 500 చొప్పున బ్యాంకు మీకే కట్టాలి. ఈ సంగతి ఈమెయిల్‌లో ఒక వాక్యంగా రాస్తే పని త్వరగా అవుతుంది. మీరు ఎక్కువ కట్టిన డబ్బు ఏమైనా ఉంటే మీ అకౌంట్‌లోకి రావాలి.

మీ అన్ని కార్డుల్లో పాతది, ఫీజు లేనిది ఉంటే దాన్ని మూయకండి. పాత ఖాతా స్కోరుకు బలం. మూసినదానికి మాత్రం మూసినట్టు ఈమెయిల్ దాచుకుని, రెండు నెలలయ్యాక క్రెడిట్ రిపోర్టు తెరిచి ఆ ఖాతా ఎదురుగా క్లోజ్డ్ అని, బాకీ సున్నా అని పడిందో లేదో చూడండి. పడకపోతే ఆ రిపోర్టు ఇచ్చిన సంస్థ వెబ్‌సైట్‌లోనే డిస్ప్యూట్ పెట్టే చోటు ఉంటుంది.